యూనిట్ 9: మార్చుకోగల అరల బీరువా – జాయింట్ ఆధారాలను ప్యాటర్న్ చేసే విధానం

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:
• జాయింట్ ఆధారం అంటే ఏమిటో, అది ఎందుకు చెదిరిపోతుందో వివరించగలుగుతారు.
• 32 మి.మీ. రంధ్రాల వరుసకు కావలసిన పరామితులను, సూత్రాలను రాయగలుగుతారు.
• అరను రంధ్రానికి కాక, రంధ్రాన్ని నిర్ణయించే నియమానికి జోడించగలుగుతారు.
• పలకలను కోయడానికి ముందు నమూనాను పరీక్షించగలుగుతారు.

9.1 పరిచయం

పుస్తకాల బీరువాలో అరలను పైకీ కిందికీ మార్చుకునే వీలు ఉండాలంటే, రెండు పక్క పలకలకూ లోపలివైపు సమాన దూరంలో రంధ్రాల వరుసలు వేస్తారు. కావలసిన ఎత్తులో నాలుగు పిన్నులు గుచ్చి వాటి మీద అర ఉంచుతారు. చూడడానికి ఇంతకన్నా సులువైన సామాను ఉండదు. కాని క్యాడ్‌లో దీని నమూనా తయారుచేసే విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. బీరువా ఎత్తు మార్చగానే అర గాలిలో తేలుతుంది, లేదా పక్క రంధ్రానికి దూకుతుంది. ఒక్కొక్కసారి తెరమీద అంతా సరిగ్గానే కనిపిస్తుంది, తప్పు మాత్రం పలకలో బయటపడుతుంది.

ఈ తప్పు ఖరీదు ఎంతో ముందే తెలుసుకుందాం. మనం తీసుకోబోయే బీరువాలో ఒక్కొక్క పక్క పలకకు రెండు వరుసలు, వరుసకు 41 రంధ్రాలు. రెండు పలకలకు కలిపి 164 రంధ్రాలు. గీత తప్పితే చెరిపివేయవచ్చు. వేసిన రంధ్రాన్ని పూడ్చినా మచ్చ మిగులుతుంది. అందువల్ల డ్రిల్ పట్టుకోవడానికి ముందే నమూనా నమ్మదగినదిగా ఉండాలి.

వడ్రంగి ఈ సమస్యను ఎలా పరిష్కరిస్తాడో గమనించండి. రెండు పక్క పలకలను ఒకదాని పక్కన ఒకటి పడుకోబెట్టి, కింది అంచులు కలిపి బిగించి, మూలమట్టంతో రెండింటి మీదుగా ఒకే గీత గీస్తాడు. ఎడమ పలకకు ఒక కొలత, కుడి పలకకు మరొక కొలత అనే ప్రశ్నే రాదు. ఈ యూనిట్‌లో మనం నేర్చుకునేది క్యాడ్‌లో ఆ ఒక్క గీత ఎలా గీయాలో మాత్రమే.

9.2 ముఖ్యమైన భావనలు

ప్యారామెట్రిక్ క్యాడ్: ఇందులో ఆకారాన్ని నేరుగా గీయకుండా కొలతలతో, నియమాలతో నిర్వచిస్తాం. కొలత మారితే ఆకారం తిరిగి లెక్కకట్టబడుతుంది. ఇలా మార్చడానికి వీలున్న కొలతను పరామితి అంటారు. గీతల మధ్య నియమాలు పెట్టే ఆలోచనను ఇవాన్ సదర్లాండ్ 1963లో ఎం.ఐ.టి.లో తన స్కెచ్‌ప్యాడ్ ప్రోగ్రాం ద్వారా చూపారు.

జాయింట్: రెండు భాగాలు ఒకదానితో ఒకటి ఎలా కలుస్తాయో చెప్పే నియమం. బిగించినట్లు కదలకుండా ఉండవచ్చు, జారవచ్చు, తిరగవచ్చు.

జాయింట్ ఆధారం: జాయింట్ పట్టుకునే చోటు. ఒక అంచు, ఒక ముఖం, ఒక రంధ్రం కేంద్రం, లేదా మనమే ఏర్పరచిన నిరూపక చట్రం ఆధారం కావచ్చు. ఈ చట్రాన్ని ఫ్రీక్యాడ్‌లో లోకల్ కోఆర్డినేట్ సిస్టమ్ అంటారు. ఇటువంటి పనికే ఫ్యూజన్‌లో జాయింట్ ఆరిజిన్, ఆన్‌షేప్‌లో మేట్ కనెక్టర్ ఉన్నాయి.

ప్యాటర్న్: ఒక రూపాన్ని సమాన దూరంలో పలుమార్లు పునరావృతం చేయడం. ఒక రంధ్రం గీసి 41కి పెంచడం సరళరేఖా ప్యాటర్న్.

9.3 ఆధారం ఎందుకు చెదిరిపోతుంది?

అరను ఒక రంధ్రం అంచుకు జాయింట్ చేశామనుకోండి. మనకు అది 'కింది నుంచి ఐదో రంధ్రం'. సాఫ్ట్‌వేర్‌కు మాత్రం అది 'అంచు 43' వంటి ఒక పేరు. పలక ఆకారాన్ని లెక్కకట్టేటప్పుడు అంచులకు, ముఖాలకు ఇచ్చుకున్న వరుస సంఖ్యే ఆ పేరు. మనం పలక మూలను గుండ్రం చేసినా, రంధ్రాల సంఖ్య మార్చినా లెక్క మళ్ళీ మొదలవుతుంది. ఈసారి 'అంచు 43' వేరే రంధ్రానిది కావచ్చు. రైలులో సీటు నంబరు పట్టుకుని కూర్చున్న తరువాత పెట్టెల వరుస మారినట్లు ఉంటుంది ఇది. నంబరు అదే, చోటు వేరు.

దీనిని టోపోలాజికల్ నామకరణ సమస్య అంటారు. 2024 నవంబరులో వచ్చిన ఫ్రీక్యాడ్ 1.0లో ఈ సమస్యను చాలావరకు తగ్గించారు. అయినా పూర్తిగా దాని మీద ఆధారపడడం మంచిది కాదు. ఎత్తు తగ్గి, ఆధారంగా పట్టుకున్న రంధ్రమే లేకుండా పోతే ఏ నామకరణ పద్ధతీ దానిని తిరిగి తీసుకురాలేదు.

కాబట్టి ఈ యూనిట్‌లోని ప్రధాన సూత్రాన్ని ఇక్కడే చెప్పుకుందాం: రంధ్రాలు, జాయింట్ ఆధారాలు రెండూ ఒకే పరామితుల నుంచి పుట్టాలి. ఆధారం రంధ్రం నుంచి పుట్టకూడదు.

9.4 కొలతల పట్టిక

ఫర్నిచర్ పరిశ్రమలో వాడుకలో ఉన్న 32 మి.మీ. పద్ధతిని ఉదాహరణగా తీసుకుందాం. ఇది యూరప్‌లో రూపొందింది. ఇందులో రంధ్రం వ్యాసం 5 మి.మీ., పక్కపక్క రంధ్రాల కేంద్రాల మధ్య దూరం 32 మి.మీ., ముందు అంచు నుంచి మొదటి వరుసకు దూరం 37 మి.మీ. కేంద్రాల మధ్య దూరాన్ని పిచ్ అంటారు.

మన బీరువా పరామితులు ఇవి. ఫ్రీక్యాడ్‌లో వీటిని స్ప్రెడ్‌షీట్‌లో రాసి, ఒక్కొక్క గడికి అలియాస్ అనే పేరు ఇవ్వాలి.

• మొత్తం ఎత్తు: 1800 మి.మీ.
• మొత్తం వెడల్పు: 800 మి.మీ.
• లోతు: 298 మి.మీ.
• పలక మందం: 18 మి.మీ.
• అడుగు పలక పై ముఖం ఎత్తు (నేల నుంచి): 100 మి.మీ.
• పిచ్: 32 మి.మీ.
• ఆరంభ దూరం: 192 మి.మీ.
• పిన్ను వ్యాసం: 5 మి.మీ.
• అర ఒక్కొక్క పక్క వదులు: 1 మి.మీ.

లోతు 298 ఎందుకు? ముందు నుంచి 37, వెనుక నుంచి 37 తీసివేస్తే 224 మిగులుతుంది. అది 32కు సరిగ్గా 7 రెట్లు. అంటే వెనుక వరుస కూడా 32 మి.మీ. గడిలోనే పడుతుంది. ఇంకొక సౌకర్యం కూడా ఉంది. 2440 × 1220 మి.మీ. ప్లైవుడ్ షీటులో 298 వెడల్పు పట్టీలు నాలుగు వస్తాయి. నాలుగింటికి 1192 పోగా, రంపపు కోతలకు 28 మి.మీ. మిగులుతుంది.

ఆరంభ దూరం అంటే అడుగు పలక పై ముఖం నుంచి మొదటి రంధ్రం కేంద్రానికి ఉన్న దూరం. పైన కూడా కనీసం అంతే దూరం రంధ్రాలు లేకుండా వదులుదాం.

9.5 సూత్రాలు

లోపలి ఎత్తు = మొత్తం ఎత్తు − 100 − 18 = 1682 మి.మీ.

రంధ్రాలు వేయగల పొడవు = 1682 − 192 − 192 = 1298 మి.మీ.

ఖాళీల సంఖ్య = 1298 ÷ 32 = 40.56. ఇందులో పూర్ణాంక భాగం 40 మాత్రమే తీసుకోవాలి. దీనికి ఫ్లోర్ ప్రమేయం వాడతాం.

రంధ్రాల సంఖ్య = 40 + 1 = 41

రంధ్రం ఎత్తు = ఆరంభ దూరం + (క్రమాంకం × పిచ్)

ఇక్కడ క్రమాంకం 0తో మొదలవుతుంది. మొదటి రంధ్రం చేరడానికి ఒక్క పిచ్ కూడా దాటలేదు కాబట్టి దాని క్రమాంకం 0. చివరి రంధ్రం క్రమాంకం 40. దాని ఎత్తు 192 + 1280 = 1472 మి.మీ.

జాగ్రత్త: ప్యాటర్న్ పొడవు అడిగినప్పుడు 41 × 32 = 1312 అని రాయడం తరచుగా జరిగే పొరపాటు. 41 స్తంభాల మధ్య ఉండేది 40 ఖాళీలే. మొదటి రంధ్రం నుంచి చివరి రంధ్రం వరకు పొడవు 1280. అక్కడ 1312 రాస్తే పిచ్ 32.8 అవుతుంది. మొదటి రెండు మూడు రంధ్రాల వద్ద తేడా కంటికి ఆనదు. పైకి వెళ్ళేసరికి అది 32 మి.మీ. అవుతుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు మొత్తం పొడవును, కొన్ని రెండు రూపాల మధ్య దూరాన్ని అడుగుతాయి. ఏది అడుగుతున్నదో చూసి విలువ ఇవ్వండి.

మీ ప్రగతిని పరిశీలించుకోండి – 1
మొత్తం ఎత్తు 1700 మి.మీ. అయితే వరుసకు ఎన్ని రంధ్రాలు వస్తాయి? చివరి రంధ్రం ఎత్తు ఎంత?

9.6 ఒకే మూలబిందువు

కుడి పలకకు రంధ్రాలు వేసేటప్పుడు కొలత పై నుంచి మొదలుపెట్టామనుకోండి. పై పలక కింది ముఖం నుంచి 192 వదిలితే మొదటి రంధ్రం 1490 ఎత్తులో పడుతుంది. అక్కడి నుంచి 32 చొప్పున కిందికి వస్తే చివరిది 210 ఎత్తులో ఉంటుంది. ఎడమ పలకలో అది 192. తేడా 18 మి.మీ. అర ఆ మేరకు వాలిపోతుంది.

ఈ 18 ఎక్కడిది? 1298ని 32తో భాగిస్తే వచ్చే శేషం. ఇక్కడే ఒక ముఖ్యమైన విషయం గమనించాలి. మొత్తం ఎత్తు 1800 కాక 1782 అయి ఉంటే శేషం సున్నా. అప్పుడు ఎడమ పలకకు కింది నుంచి, కుడి పలకకు పై నుంచి కొలిచినా రంధ్రాలు సరిగ్గా ఎదురెదురుగా వస్తాయి. నమూనా తప్పే, బొమ్మ మాత్రం ఒప్పు. ఎత్తు మార్చిన రోజున ఆ తప్పు బయటపడుతుంది. ఒక్క కొలత వద్ద సరిగ్గా కనిపించినంత మాత్రాన నమూనా సరైనదని చెప్పలేం అనడానికి ఇది మంచి ఉదాహరణ.

అందువల్ల నమూనాకు ఒకే మూలబిందువు పెట్టుకోవాలి. అది ఏ పలకకూ చెందకూడదు. బీరువా వెడల్పు మధ్యలో, అడుగు పలక పై ముఖం ఎత్తులో, ముందు అంచు వద్ద ఒక నిరూపక చట్రం ఏర్పరచండి. దీనిని మూల చట్రం అందాం. ఎడమ పలక, కుడి పలక, అరలు అన్నీ దీని నుంచే కొలత తీసుకోవాలి. కుడి పలకను విడిగా గీయకుండా, ఎడమ పలకకు మూల చట్రం మధ్య తలంలో అద్దపు ప్రతిబింబంగా పొందడం ఇంకా మంచిది.

9.7 అరను జోడించే పద్ధతి

ఇప్పుడు అసలు ప్రశ్నకు వచ్చాం. జాయింట్ ఆధారాలను ఎలా ప్యాటర్న్ చేయాలి? రెండు మార్గాలు ఉన్నాయి.

మొదటి మార్గం: రంధ్రానికి ఒకటి చొప్పున 41 చట్రాలు ఏర్పరచి, అరను వాటిలో ఒకదానికి జోడించడం. ఇందులో ఇబ్బందులు రెండు. చాలా సాఫ్ట్‌వేర్లలో రూపాన్ని ప్యాటర్న్ చేసినంత సులువుగా జాయింట్ ఆధారాన్ని ప్యాటర్న్ చేయలేం. చేయగలిగినా, సంఖ్య మారినప్పుడు వాటి పేర్లు మారే ప్రమాదం ఉంది. అప్పుడు 9.3లో చూసిన సమస్యకే తిరిగి వస్తాం.

రెండవ మార్గం: అరకు ఒకటి చొప్పున మాత్రమే చట్రం ఏర్పరచి, దాని ఎత్తును సూత్రంతో నిర్ణయించడం. నాలుగు అరలకు నాలుగు చట్రాలు. రంధ్రాలు 41 ఉన్నా 30 ఉన్నా చట్రాలు నాలుగే. అరను మార్చాలంటే స్ప్రెడ్‌షీట్‌లో దాని క్రమాంకం మారిస్తే చాలు. మనం ఈ మార్గాన్నే అనుసరిద్దాం.

సోపానాలు:

1. స్ప్రెడ్‌షీట్‌లో ప్రతి అరకు ఒక క్రమాంకం గడి పెట్టండి.

2. మూల చట్రం నుంచి ఒక అర చట్రం ఏర్పరచి, దాని ఎత్తుకు ఈ సూత్రం ఇవ్వండి:
అర చట్రం ఎత్తు = ఆరంభ దూరం + (క్రమాంకం × పిచ్) + (పిన్ను వ్యాసం ÷ 2)

3. అర భాగంలోనే మరొక చట్రం పెట్టండి. దాని చోటు వెడల్పు మధ్యలో, కింది ముఖం మీద, ముందు అంచు వద్ద.

4. ఈ రెండు చట్రాలను కదలని జాయింట్‌తో కలపండి.

రెండో సోపానంలో పిన్ను వ్యాసంలో సగం ఎందుకు కలిపాం? అర కూర్చునేది రంధ్రం కేంద్రం మీద కాదు, పిన్ను పైభాగం మీద. గుండ్రటి 5 మి.మీ. పిన్నుకు ఇది 2.5 మి.మీ. మౌస్‌తో జాయింట్ పెట్టేటప్పుడు సాఫ్ట్‌వేర్ తనంతట తానే అర అంచు మధ్యబిందువును రంధ్రం కేంద్రానికి అతికిస్తుంది. అప్పుడు 18 మి.మీ. మందం గల అర ఉండవలసిన చోటుకన్నా 11.5 మి.మీ. కిందికి దిగుతుంది, పిన్నును చీల్చుకుని! తెరమీద రెండు ఘనరూపాలు ఒకదానిలో ఒకటి దూరినా అభ్యంతరం ఉండదు కాబట్టి ఇది సులువుగా కంటపడదు.

మూడో సోపానంలో మధ్యబిందువును ఎందుకు ఎంచుకున్నాం? లోపలి వెడల్పు 800 − 36 = 764. వదులు తీసివేస్తే అర పొడవు 762. అరను ఎడమ పలకకూ కుడి పలకకూ రెండు జాయింట్లతో అంటించబోతే, 762 మి.మీ. అర ఏకకాలంలో 764 మి.మీ. చోటు నిండా ఉండాలని కోరినట్లవుతుంది. సాఫ్ట్‌వేర్ పొరపాటు సందేశం చూపుతుంది. మధ్య నుంచి జోడిస్తే ఒక్క జాయింట్ చాలు, రెండు పక్కలా 1 మి.మీ. వదులు దానంతట అదే వస్తుంది.

9.8 అరలను ప్యాటర్న్ చేయడం

లోపలి ఎత్తును ఐదు సమాన భాగాలు చేసి నాలుగు అరలు పెట్టాలని విద్యార్థులు తరచుగా అనుకుంటారు. 1682 ÷ 5 = 336.4. ఈ ఎత్తులు రంధ్రాల వద్ద పడవు. ఒక్కొక్కదానిని దగ్గరి రంధ్రానికి సవరిస్తే పిన్నుల ఎత్తులు 352, 672, 1024, 1344 అవుతాయి. వాటి మధ్య దూరాలు 320, 352, 320. సమానంగా ఉండాలని మొదలుపెట్టి ఎగుడుదిగుడుగా ముగించాం.

దీనికి మారుగా అరల మధ్య దూరాన్నే పిచ్‌కు పూర్ణాంక గుణిజంగా తీసుకోండి. 'అడుగు' అనే మరో పరామితి పెట్టి దానికి 10 విలువ ఇద్దాం.

అర క్రమాంకం = మొదటి అర క్రమాంకం + (అర వరుస సంఖ్య × అడుగు)

అర వరుస సంఖ్య కూడా 0తోనే మొదలవుతుంది. మొదటి అర క్రమాంకం 4 అయితే మిగిలినవి 14, 24, 34. పిన్నుల ఎత్తులు 320, 640, 960, 1280. దూరాలన్నీ 320. మిగిలిన 402 మి.మీ. పై గదికి పోతుంది. అక్కడ పెద్ద పుస్తకాలు పెట్టుకోవచ్చు. సమానంగా అమర్చే పక్షంలో ఒక్క అరనే తయారుచేసి, అడుగు × పిచ్ దూరంతో దానిని ప్యాటర్న్ చేసినా ఇదే ఫలితం వస్తుంది. విడివిడిగా మార్చుకోవాలంటే మాత్రం నాలుగు క్రమాంకాలు ఉంచుకోవాలి.

ఎత్తు తగ్గినప్పుడు ఏమవుతుంది? మొత్తం ఎత్తు 1500 చేస్తే లోపలి ఎత్తు 1382, రంధ్రాలు 32, చివరి క్రమాంకం 31. నాలుగో అరకు కావలసిన 34వ క్రమాంకం ఇక లేదు. అర మాత్రం సూత్రం ప్రకారం 1280 ఎత్తులోనే నిలుస్తుంది. దాని కింద రంధ్రం ఉండదు. దీనికి కొందరు క్రమాంకాన్ని 31 దాటకుండా సూత్రంతోనే ఆపుతారు. అలా చేస్తే అర చెప్పాపెట్టకుండా కిందికి జరుగుతుంది, గీసినవారికి తెలియదు. అంతకన్నా స్ప్రెడ్‌షీట్‌లో ఒక తనిఖీ గడి పెట్టడం మేలు. క్రమాంకం 0కు తక్కువైనా, చివరి క్రమాంకానికి మించినా అందులో 1, లేకపోతే 0 వచ్చేటట్లు రాయండి. అన్ని గడుల మొత్తం 0 అయితేనే పలక కోతకు పంపాలి. తప్పును దాచే నమూనాకన్నా తప్పును చూపే నమూనా మంచిది.

మీ ప్రగతిని పరిశీలించుకోండి – 2
అరకు పిన్ను సుమారు 600 మి.మీ. ఎత్తులో కావాలి. దగ్గరి క్రమాంకం, పిన్ను అసలు ఎత్తు, అర కింది ముఖం ఎత్తు కనుక్కోండి.

9.9 పలక కోయడానికి ముందు పరీక్షలు

ఈ మూడు పరీక్షలను నోటుపుస్తకంలో నమోదు చేయండి.

ఎత్తు పరీక్ష: ఎత్తును 1800 నుంచి 1700కు మార్చండి. రెండు పలకల రంధ్రాలు ఇంకా ఎదురెదురుగా ఉన్నాయా? లేకపోతే మూలబిందువులు రెండు ఉన్నాయన్నమాట.

పిచ్ పరీక్ష: పిచ్‌ను తాత్కాలికంగా 30 చేయండి. అరల పిన్నుల ఎత్తులు 312, 612, 912, 1212 కావాలి. ఏదైనా అర పాత చోటునే ఉంటే ఎక్కడో సూత్రానికి బదులు చేత్తో అంకె రాశారని అర్థం.

మందం పరీక్ష: పలక మందాన్ని 18 నుంచి 19 చేయండి. అడుగు పలక పై ముఖం 100 వద్దే ఉండాలి, అరల కింది ముఖాలు కదలకూడదు, అర పొడవు మాత్రం 760 కావాలి. రంధ్రాల సంఖ్య అప్పుడు కూడా 41 రావాలి.

పరీక్షలు పూర్తయ్యాక విలువలను తిరిగి అసలు స్థితికి తెచ్చి, రంధ్రాల జాబితా తీయండి. అందులోని కొలతలు వడ్రంగి టేపు తగిలించగల అంచు నుంచి ఉండాలి. మూల చట్రం క్యాడ్‌లో మాత్రమే ఉంటుంది, పనిబల్ల మీద దొరకదు. కాబట్టి ప్రతి ఎత్తుకు 100 కలిపి పలక కింది అంచు నుంచి చూపండి: మొదటి రంధ్రం 292, చివరిది 1572. రెండు పలకలకూ కింది అంచు దగ్గర 'కింద' అని పెన్సిలుతో రాయించండి. పలకను తలకిందులు చేస్తే మొదటి రంధ్రం 292కు బదులు 228 వద్ద పడుతుంది. రంధ్రం లోతు 12 మి.మీ. మించకుండా చూడండి. అప్పుడు బయటివైపు 6 మి.మీ. చెక్క నిలుస్తుంది.

9.10 సారాంశం

అంచులకు, ముఖాలకు సాఫ్ట్‌వేర్ ఇచ్చే పేర్లు మారవచ్చు కాబట్టి వాటికి కట్టిన జాయింట్ చెదిరిపోవచ్చు. రంధ్రాలను ప్యాటర్న్ ద్వారా, అర చట్రాలను సూత్రం ద్వారా ఏర్పరచి, రెండింటికీ అవే పరామితులు ఇవ్వాలి. మూలబిందువు ఒక్కటే ఉండాలి. అర స్థానాన్ని మి.మీ.లలో కాక క్రమాంకంగా నిల్వ చేయాలి. ఒక కొలత వద్ద సరిపోయిన నమూనాను మరో కొలత వద్ద తప్పక పరీక్షించాలి. వడ్రంగి రెండు పలకలు కలిపి గీసే ఒక్క గీతలో ఉన్నది ఈ నియమమే.

9.11 మీ ప్రగతిని పరిశీలించుకోండి – సమాధానాలు

1. లోపలి ఎత్తు 1582. రంధ్రాలు వేయగల పొడవు 1198. 1198 ÷ 32లో పూర్ణాంక భాగం 37. రంధ్రాలు 38. చివరి రంధ్రం ఎత్తు 192 + 1184 = 1376 మి.మీ.

2. (600 − 192) ÷ 32 = 12.75. దగ్గరి పూర్ణాంకం 13. పిన్ను ఎత్తు 192 + 416 = 608 మి.మీ. అర కింది ముఖం 610.5 మి.మీ.

9.12 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. జాయింట్ ఆధారంగా రంధ్రం అంచును తీసుకోవడంలోని ఇబ్బందులు ఏమిటి?
2. ప్యాటర్న్‌లో రంధ్రాల సంఖ్యకు, ఖాళీల సంఖ్యకు గల సంబంధాన్ని ఉదాహరణతో తెలపండి.
3. అరను రెండు పక్క పలకలకూ జాయింట్ చేయకూడదు. ఎందుకు?

II. ఈ క్రింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. మార్చుకోగల అరల బీరువాకు పరామితుల పట్టిక, సూత్రాలు రాసి, అరను జోడించే సోపానాలను వివరించండి.
2. మీ ఇంట్లోని ఒక బీరువాను కొలిచి, 32 మి.మీ. పిచ్‌తో రంధ్రాల జాబితా తయారుచేయండి. శేషం ఎంత వచ్చిందో, దానిని ఎక్కడ వదిలారో, ఎందుకో రాయండి.